సహానుభూతికి సి గ్రేడా?

ఈమధ్య కొన్ని స్కూళ్ల ప్రోగ్రెస్ కార్డుల్లో లెక్కలు, సైన్స్, సోషల్ అయిపోయాక ఇంకో పేజీ ఉంటోంది. అందులో మార్కులుండవు, గ్రేడులుంటాయి. నాయకత్వం, నలుగురితో కలిసి పనిచేయడం, కోపం అదుపులో పెట్టుకోవడం... వీటి మధ్యలో ఒక వరస: ఎంపతీ. తెలుగులో సహానుభూతి అంటున్నాం. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. మొన్నటి టర్మ్ కార్డులో వాడికి లెక్కల్లో 92, ఎంపతీలో సి.

అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఎంపతీ అంటే జాలే కదా? వీడికి జాలి లేదంటున్నార్రా స్కూలు వాళ్లు?"

"అంత మాట అనలేదులే అక్కా, సి అన్నారు అంతే."

"లెక్కల్లో సి వస్తే ట్యూషన్ పెట్టిస్తాం. దీనికేం పెట్టించాలి?"

వినడానికి నవ్వొచ్చే ప్రశ్నే. కానీ అక్క గొంతులో నవ్వు లేదు. పద్నాలుగేళ్ల పిల్లాడి మీద "వీడికి ఎదుటివాళ్ల బాధ పట్టదు" అనే ముద్ర పడితే అది కార్డులోనే ఆగదు. ఇంట్లో చెల్లితో గొడవపడినా, చుట్టాలొచ్చినప్పుడు గదిలోంచి బయటికి రాకపోయినా, "అందుకే సి వచ్చింది" అంటారు. కొన్నాళ్లకి వాడు కూడా అదే నమ్ముతాడు.

నేను మానసిక శాస్త్రం చదివినవాణ్ని కాదు, ఇంజనీరింగ్ చదివి కోడ్ రాసుకునేవాణ్ని. కానీ మా ఉద్యోగాల్లో పొద్దున లేస్తే కొలతలే. ఏ అంకె చూపించినా మేం అడిగే ప్రశ్నలు మూడు. ఏం కొలిచారు? దేనితో కొలిచారు? మళ్లీ కొలిస్తే అదే వస్తుందా? ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని, టీనేజి పిల్లల సహానుభూతిని ప్రపంచంలో ఎలా కొలుస్తున్నారో చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకూ చెబుతాను. మీ ఇంట్లోకీ ఇలాంటి కార్డు వచ్చి ఉండొచ్చు, లేదా రేపో మాపో రావచ్చు.

ఈ పేజీ ఎక్కణ్నుంచి వచ్చింది?

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. సీబీఎస్ఈ 2009లో సీసీఈ అనే నిరంతర మూల్యాంకన పద్ధతి తెచ్చినప్పుడే చదువుతోపాటు "లైఫ్ స్కిల్స్" అని పెట్టి, సామాజిక నైపుణ్యాలకీ భావోద్వేగ నైపుణ్యాలకీ టీచర్ల చేత గ్రేడులు ఇప్పించింది. 2017లో ఆ పద్ధతి పోయింది. మళ్లీ 2020 జాతీయ విద్యా విధానం "360 డిగ్రీల" ప్రోగ్రెస్ కార్డు గురించి మాట్లాడింది. పిల్లాడి గురించి టీచరొక్కరే కాకుండా, పిల్లాడు తన గురించి తనే, తోటి పిల్లలు వాడి గురించి కూడా చెప్పాలన్నది అందులోని ఆలోచన.

ఉద్దేశం మంచిదే. పిల్లాడంటే ర్యాంకు ఒక్కటే కాదని ప్రభుత్వ కాగితంలోనే రాయడం చిన్న విషయమేం కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివిన ఎవరినైనా అడగండి, ఆ మాట కోసం ఎంత ఎదురుచూశామో చెబుతారు. చిక్కల్లా ఆ మంచి ఉద్దేశాన్ని ఒక్క అక్షరంగా మార్చేటప్పుడు వస్తుంది.

ఒక పేరు, నాలుగు సరుకులు

అమెరికా మనస్తత్వవేత్త మార్క్ డేవిస్ 1980లో ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. అందులో 28 వాక్యాలుంటాయి. ప్రతి వాక్యం నాకు ఎంతవరకు వర్తిస్తుందో చదివినవాళ్లే గుర్తు పెట్టాలి. ఈ రంగంలో ఎక్కువగా వాడే ప్రశ్నావళుల్లో ఇప్పటికీ అదొకటి. డేవిస్ చేసిన తెలివైన పనేంటంటే, సహానుభూతి అనే ఒక్క డబ్బాలో నిజానికి నాలుగు వేరు వేరు సరుకులున్నాయని గుర్తించడం. ఒక్కోదానికి ఏడేసి వాక్యాలు పెట్టాడు.

మొదటిది, ఎదుటివాడి చోట నిలబడి ఆలోచించగలగడం. రెండోది, వాడి కష్టం చూస్తే మనసు కరగడం. మూడోది, కథల్లో, సినిమాల్లో పాత్రలతో కలిసిపోవడం. నాలుగోది అన్నిటికంటే విచిత్రమైనది: ఎదుటివాడి బాధ చూసి మనమే తట్టుకోలేక కంగారుపడిపోవడం.

ఈ నాలుగోది చదవగానే మా మేనల్లుడే గుర్తొచ్చాడు. పోయినేడాది అమ్మమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మత్తు దిగి ఆవిడ మూలుగుతుంటే అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. వీడు మాత్రం వార్డులోంచి బయటికెళ్లి, వరండా చివర కిటికీ దగ్గర గంటసేపు నిలబడ్డాడు. "చూశావా, రాయిలా ఉన్నాడు" అంది అక్క అప్పట్లో. డేవిస్ లెక్కలో అది రాయి కాకపోవచ్చు. ఎక్కువైపోయి తట్టుకోలేక పక్కకి తప్పుకోవడం కూడా బయటికి అచ్చం అలాగే కనిపిస్తుంది.

అంటే బాధ సరిగ్గా అందనివాడూ, మరీ ఎక్కువగా అందేవాడూ ఒకేలా బయటికి నడిచిపోవచ్చు. దూరం నుంచి చూసి గ్రేడు వేసేవాళ్లకి ఇద్దరూ సి గానే కనిపిస్తారు. ఒకడికి కావాల్సింది ఎదుటివాళ్ల గురించి ఆలోచించడం నేర్పించడం. ఇంకొకడికి కావాల్సింది "భయపడకు, పక్కన కూర్చుంటే చాలు, నువ్వేం చెయ్యక్కర్లేదు" అనే ఒక్క మాట. ఒకే అక్షరం ఈ రెండు అవసరాలనీ చెప్పలేదు.

పిల్లల కోసమే చేసిన ప్రశ్నావళులూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో డారిక్ జోలిఫ్, డేవిడ్ ఫారింగ్టన్ 2006లో టీనేజి పిల్లలతో పరీక్షించి 20 వాక్యాల కొలత ఒకటి తెచ్చారు. వాళ్లు కూడా రెండు ముక్కలుగా విడగొట్టారు: ఎదుటివాడి మనసు అర్థం కావడం ఒకటి, అది మన మనసుకి తగలడం ఇంకొకటి. ఎవరు చేసినా ఒకే అంకెతో సరిపెట్టలేదని గమనించండి.

చెప్పేది ఒకటి, చేయగలిగేది ఒకటి

ఈ ప్రశ్నావళులన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది. పిల్లాడు తన గురించి తను చెప్పుకోవాలి. "తోటివాడు ఏడుస్తుంటే నీకు బాధేస్తుందా?" అనడిగితే ఏం రాయాలో పద్నాలుగేళ్లవాడికి తెలియదా? పైగా నిజంగా ఎదుటివాళ్ల గురించి ఆలోచించేవాడు "ఏమో, నేనంతగా పట్టించుకోనేమో" అని తగ్గించి రాసుకుంటాడు. అసలు పట్టనివాడు ఐదుకి ఐదు వేసుకుంటాడు.

అందుకే చెప్పించుకోకుండా చేయించి చూసే పరీక్షలు వచ్చాయి. వాటిలో బాగా పేరున్నది కేంబ్రిడ్జ్‌కి చెందిన సైమన్ బారన్-కోహెన్ బృందం చేసిన "కళ్లు చదివే పరీక్ష". 2001 నాటి రూపంలో 36 ఫొటోలుంటాయి. మొహమంతా ఉండదు, కళ్లు మాత్రమే. కింద నాలుగు మాటలుంటాయి. ఆ కళ్లలో ఉన్న భావం ఏదో పట్టుకోవాలి.

సరదాగా ఉంటుంది గానీ దీనికీ లోపాలున్నాయి. మాటలు ఎక్కువ తెలిసినవాళ్లకి మార్కులూ ఎక్కువొస్తాయని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. అంటే కొంతవరకు అది పదసంపద పరీక్ష. ఇంకోటి, ఫొటోల్లోవన్నీ పాశ్చాత్యుల కళ్లు. జపాన్, అమెరికా విద్యార్థులతో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఎవరికి వాళ్ల వాళ్ల కళ్లని చదవడమే తేలికైంది. మన సంగతి చూడండి. మనింటికి వచ్చిన అమ్మాయి కాఫీ వద్దంటూ తల దించుకుందనుకోండి, అది మొహమాటమని మనం ఇట్టే పట్టేస్తాం. ఆ మొహమాటానికి ఇంగ్లిషులో సరిసమానమైన ఒక్క మాట చెప్పండి చూద్దాం! నాలుగు ఇంగ్లిషు మాటల్లో అది లేకపోతే, కళ్లు సరిగ్గా చదివిన పిల్లాడికి కూడా మార్కు పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. "నేను ఎదుటివాళ్లని బాగా అర్థం చేసుకుంటాను" అని రాసుకున్నవాళ్లు ఇలాంటి పరీక్షల్లో నిజంగా బాగా చేస్తారా? ఈ ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2019లో బ్రెట్ మర్ఫీ, స్కాట్ లిలియన్‌ఫెల్డ్ లెక్కగట్టారు. తన గురించి చెప్పుకున్నదాన్ని బట్టి పరీక్షలో కనిపించే తేడాల్లో ఎంత భాగం చెప్పగలమంటే, దాదాపు 1 శాతం. మా భాషలో చెప్పాలంటే రెండు సెన్సర్లు ఒకే వేడిని కొలుస్తున్నాయని పెట్టాం, కానీ ఒకదాని రీడింగుకీ రెండోదానికీ పెద్దగా పొంతనే లేదు. అలాంటప్పుడు రెండింటి సగటు తీసి స్క్రీన్ మీద పెట్టం. ముందు ఏది దేన్ని కొలుస్తోందో చూస్తాం.

తెలుసు, కానీ వేళకి గుర్తు రాదు

టీనేజి వయసుకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. ఎదుటివాడికి తెలిసింది వేరు, నాకు తెలిసింది వేరు అన్న సంగతి పిల్లలకి నాలుగైదేళ్లకే అర్థమవుతుంది. ఈ పని అక్కడితో అయిపోయిందని చాలాకాలం అనుకున్నారు. లండన్‌లో ఇరోయిస్ డ్యూమోంటైల్, ఇయాన్ ఏపర్లీ, సారా-జేన్ బ్లేక్‌మోర్ 2010లో ప్రచురించిన అధ్యయనం అలా కాదని చూపించింది.

ఒక అలమర ఊహించుకోండి. నిలువు నాలుగు, అడ్డం నాలుగు, మొత్తం పదహారు గూళ్లు. అక్కడక్కడా బొమ్మలు, బంతులు పెట్టారు. మీరు ముందు నుంచి చూస్తున్నారు, అన్నీ కనిపిస్తాయి. అలమర వెనక ఇంకొకాయన నిలబడ్డాడు. కొన్ని గూళ్లకి వెనక పలక ఉంది కాబట్టి ఆ గూళ్లలోవి ఆయనకి కనిపించవు. ఆయన "చిన్న బంతి జరుపు" అన్నాడు. మీకు మూడు బంతులు కనిపిస్తున్నాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది ఆయనకి కనిపించని గూట్లో ఉంది. ఆయన అడిగింది దాన్ని కాదు, ఆయనకి కనిపించేవాటిలో చిన్నదాన్ని. అంటే ప్రతిసారీ ఆయన కళ్లతో చూసి చెయ్యి కదపాలి.

7 నుంచి 27 ఏళ్ల వయసున్న అమ్మాయిలతో ఈ పని చేయించారు. ఇంకో రకంగానూ చేయించారు: మనిషిని తీసేసి, "వెనక పలక ఉన్న గూళ్ల జోలికి వెళ్లొద్దు" అని నియమం మాత్రం చెప్పారు. నియమం పాటించడంలో 14-17 ఏళ్ల వాళ్లు పెద్దవాళ్లతో సమానంగా చేశారు. కానీ ఇంకో మనిషి కళ్లతో చూడాల్సి వచ్చేసరికి పెద్దవాళ్లకంటే ఎక్కువ తప్పులు చేశారు. తెలివి తక్కువై కాదు. ఎదుటివాడి వైపు నుంచి చూడటమనేది తెలిసినా, అవసరమైన క్షణంలో దాన్ని వాడటం ఆ వయసులో ఇంకా కుదురుకుంటూనే ఉందన్నమాట.

ఇంట్లో దీని రూపం మనందరం చూసిందే. "అమ్మ అలిసిపోయి వచ్చింది కదరా, ఇప్పుడా అడిగేది?" అంటే, "అవును కదా" అని మొహం చిన్నబుచ్చుకుంటాడు. తెలియక కాదు, ఆ క్షణానికి తట్టలేదు.

నెదర్లాండ్స్‌లో పిల్లల్ని 13 నుంచి 18 ఏళ్ల వరకు ఏటా అడుగుతూ వెళ్లిన పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. ఎదుటివాళ్ల వైపు నుంచి ఆలోచించడం అమ్మాయిల్లో 13 నుంచే పెరుగుతూ పోతే, అబ్బాయిల్లో 15 తర్వాత గానీ ఊపందుకోలేదు. ఇతరుల కష్టానికి కరగడం అబ్బాయిల్లో 13-16 మధ్య కాస్త తగ్గి, తర్వాత మళ్లీ కోలుకుంది. తొమ్మిదో తరగతి అబ్బాయికి గ్రేడు వేసేది సరిగ్గా ఆ పల్లంలోనే! సగం ఉడికిన అన్నం మెతుకు పట్టి చూసి ఈ బియ్యమే గట్టివంటే ఎలా?

మనసు చదవడం వస్తే మంచివాడేనా?

ఇంకో మెలిక ఉంది. పరీక్షలో మంచి మార్కులొస్తే మంచి మనసున్నట్టేనా? ఇంగ్లండ్‌లో జాన్ సటన్ బృందం 1999లో 7-10 ఏళ్ల పిల్లలు 193 మందిని పరీక్షించింది. కథలు చెప్పి, అందులో పాత్రల మనసులో ఏముందో అడిగారు. తరగతిలో తోటివాళ్లని ఏడిపించే ముఠాల నాయకులు, వాళ్ల వెనక తిరిగే అనుచరులకంటే ఆ పరీక్షలో మెరుగ్గా చేశారు. ఎక్కడ గిల్లితే ఎక్కువ నొప్పి పుడుతుందో తెలియాలంటే ఎదుటివాడి మనసు తెలియాలి కదా మరి!

మనసెరిగి మసలుకోవడం అని మనం ఒకే గుక్కలో అనేస్తాం. మనసెరగడం ఒక పని, దానికి తగ్గట్టు మసలుకోవడం ఇంకో పని. మొదటిదానికి పరీక్ష పెట్టగలం. రెండోది రోజూ క్యాంటీన్ దగ్గర, బస్సులో, వాట్సాప్ గ్రూపులో జరుగుతూ ఉంటుంది. అక్కడికి పరీక్ష కాగితం వెళ్లదు.

ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఈ కొలతలు ఇంకా అన్యాయం చేశాయి. వాళ్లకి సహానుభూతి లోటని దశాబ్దాలపాటు రాశారు. తానూ ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక సూటి ప్రశ్న వేశాడు: మేం మిమ్మల్ని అర్థం చేసుకోలేకపోతున్నామంటున్నారు, మరి మీరు మమ్మల్ని అర్థం చేసుకున్నారా? 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి ఒక కథని చెవి నుంచి చెవికి పంపించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసల్లో కథ ఎంత నిలిచిందో, ఎవరికీ ఆటిజం లేని వరసల్లోనూ అంతే నిలిచింది. రెండు రకాలవాళ్లని కలిపిన వరసల్లోనే ఎక్కువ జారిపోయింది. లోటు ఒక మనిషిలో కాదు, ఇద్దరి మధ్య ఉంది. కార్డు మీద మాత్రం ఒక్కరి పేరే ఉంటుంది.

తొందరలో ఉన్నవాడి జాలి

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం పిల్లల మీద చేసిన ప్రయోగం కాదు. 1973లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ మతబోధకులు కాబోతున్న విద్యార్థులతో చేసింది. పక్క భవనంలోకి వెళ్లి చిన్న ఉపన్యాసం ఇవ్వాలన్నారు. కొంతమందికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ, అంటే దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్న మనిషి కథ. వాళ్లు వెళ్లే సందులో ఒక మనిషిని దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు.

తొందర లేదని చెప్పినవాళ్లలో 63 శాతం ఆగి పలకరించారు. సమయానికి వెళ్లమన్నవాళ్లలో 45 శాతం. "ఇప్పటికే ఆలస్యమైంది, పరిగెత్తు" అన్నవాళ్లలో 10 శాతం. మంచి సమరయుడి గురించి మాట్లాడటానికే వెళ్తున్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా తెచ్చింది గడియారం.

ఇప్పుడు మన పిల్లల దినచర్య చూడండి. తెల్లారకముందే స్టడీ అవర్, తర్వాత క్లాసులు, వారానికో పరీక్ష, దాని ర్యాంకుల జాబితా గోడ మీద, రాత్రి మళ్లీ స్టడీ అవర్. పక్క బెంచీవాడు రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని గమనించడానికి ఖాళీ ఎక్కడ? గమనించినా, ఆగి "ఏంట్రా, ఏమైంది?" అనడానికి ఆ పావుగంట ఎవరిస్తారు? గడియారం మనం పెట్టి, గ్రేడు వాడికి వేస్తున్నాం.

మరి కొలవొద్దా?

అలా అనను. కొలతలు వేలమందిని కలిపి చూసేటప్పుడు పనికొస్తాయి. అమెరికా కాలేజి విద్యార్థుల సహానుభూతి స్కోర్లు 1979-2009 మధ్య తగ్గాయని సారా కొన్‌రాత్ బృందం 2011లో చెప్పింది. 72 నమూనాలు, 13,737 మంది. "ఈ తరానికి జాలి చచ్చిపోయింది, ఫోన్లే కారణం" అని ఎంతోమంది తీర్పు చెప్పేశారు. తర్వాత అదే కొన్‌రాత్ బృందం 2018 వరకు లెక్కలు చేర్చి చూస్తే, 2008 నుంచి స్కోర్లు మళ్లీ పెరిగాయి. స్మార్ట్‌ఫోన్లు చేతుల్లోకి వచ్చిన ఏళ్లలోనే! మళ్లీ మళ్లీ కొలవబట్టే తొందరపాటు తీర్పు బయటపడింది. కొత్త పాఠం పెట్టి, దానివల్ల పిల్లల్లో మార్పు వచ్చిందా అని స్కూలు మొత్తాన్ని చూడాలన్నా కొలతలు కావాలి. అక్కడ ఏ ఒక్క పిల్లాడి పేరూ ఉండదు. అదే దాని బలం.

ఒక పిల్లాడికి అక్షరం అతికించడం దగ్గరే పేచీ. అతికించాక ఇంకోటి జరుగుతుంది. నేను ఒకప్పుడు ఉన్న టీములో ఎవరు ఎక్కువ టిక్కెట్లు క్లోజ్ చేస్తే వాళ్లకి మంచి రేటింగ్ అన్నారు. నెల తిరక్కుండానే ఒక్క పనిని ఐదు టిక్కెట్లుగా విడగొట్టడం అందరికీ వచ్చేసింది. పని అంతే, అంకె ఐదింతలు. కొలతని లక్ష్యంగా పెడితే కొలత చెడిపోతుందనే ఈ సంగతికి బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రమే ఉంది. ఎంపతీకి గ్రేడు పెడితే పిల్లలు ముందు నేర్చుకునేది టీచరు చూస్తున్నప్పుడు సాయం చేయడం. తోటివాళ్ల చేత గ్రేడు వేయిస్తే "నాకు ఏ వెయ్, నీకు ఏ వేస్తా" అనుకోవడం. ఏ గుంపులోనూ లేని మౌనంగా ఉండే పిల్లలకి మిగిలేది సి.

అక్కకి నేను చెప్పింది ఇదే. ట్యూషన్ ఏం వద్దు. ఆ అక్షరం ఎలా వచ్చిందో క్లాసు టీచర్ని అడుగు. ఏ సంఘటన చూసి వేశారు, ఎన్నిసార్లు చూశారు? "నిరుడు గ్రూపు ప్రాజెక్టులో ఒకమ్మాయిని మాట్లాడనివ్వలేదు" అని చెబితే అది పనికొచ్చే మాట. దాని గురించి వాడితో కూర్చుని మాట్లాడొచ్చు. "జనరల్‌గా కాస్త తక్కువండీ" అంటే ఆ అక్షరాన్ని అక్కడే వదిలెయ్.

ఇంట్లో చూడాల్సినవి వేరే ఉన్నాయి. గొడవపడ్డాక వాడే వెనక్కి వచ్చి ఎలా సర్దుకుంటాడు? క్షమించమని నోటితో అనకపోవచ్చు, చెల్లి ఛార్జర్ తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోవచ్చు. అదీ లెక్కే. సినిమా చూసేటప్పుడు "వాడు అలా ఎందుకు చేశాడంటావు?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగు. మధ్యలో నీతి చెప్పకు. అప్పటిదాకా బాగున్న పిల్లాడు ఉన్నట్టుండి ఎవరితోనూ మాట్లాడక, దేనికీ స్పందించక ముడుచుకుపోతే మాత్రం అది జాలి లేకపోవడం అనుకోకు, వాడే ఏదో బాధలో ఉండొచ్చు. మూగజీవాల్నో, చిన్నపిల్లల్నో పదే పదే హింసిస్తూ ఏమీ అనిపించనట్టుంటే కూడా ఆలస్యం చేయకూడదు. ఈ రెండు సందర్భాల్లోనూ సైకాలజిస్టుని కలవడం మంచిది. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా సలహా చెబుతారు. నిపుణులు కూడా ప్రశ్నావళులు వాడతారు. కానీ పిల్లాడితో మాట్లాడి, తల్లిదండ్రుల్నీ టీచర్లనీ అడిగి, వాటన్నిటి మధ్యలో ఒకటిగా వాడతారు.

స్కూళ్లకి కూడా ఒక మాట. ఆ పేజీ పూర్తిగా తీసేయక్కర్లేదు. గ్రేడు ఉన్నచోట టీచరు కళ్లారా చూసిన ఒక్క సంఘటన రెండు వాక్యాల్లో రాస్తే చాలు. నలభై మందికి రాయడం కష్టమే. అది కష్టమనిపిస్తే, నలభై మంది మనసుల్ని నలభై అక్షరాల్లో పెట్టడం అంత తేలికగా ఎలా కుదిరిందో ఒకసారి ఆలోచించాలి.

తల్లిదండ్రులు ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మావాడికి ఎంపతీలో ఏం గ్రేడని అడిగే ముందు ఇంకోటి అడిగి చూడండి. రోజు మొత్తం మీద పిల్లలు ఒకరితో ఒకరు ఊరికే మాట్లాడుకోవడానికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయి? దీన్ని కొలవడానికి ఏ ప్రశ్నావళీ అక్కర్లేదు. గోడ గడియారం సరిపోతుంది.